డార్వినుకు ఒక భక్తుని ఉత్తరాలు

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే రోజుల్లో ఒకనాటి సాయంకాలం, బడి విడిచిన తరువాత, పదవ తరగతి పిల్లవాడొకడు వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాడు. క్రైస్తవ కుటుంబంవాడు, చదువులో చురుకైనవాడు. ఆ మధ్యాహ్నమే వాళ్ళకు జీవశాస్త్రంలో పరిణామం పాఠం అయింది. "మాస్టారూ, ఆదికాండంలో ఉన్నదీ, సైన్సు పుస్తకంలో ఉన్నదీ రెండూ నిజమెలా అవుతాయండీ? ఏదో ఒకటి అబద్ధమే గదండీ?" అని అడిగాడు. సైన్సు మాస్టారిని అడగడానికి భయమట, పాస్టరుగారిని అడగడానికి ఇంకా భయమట. తెలుగు పండితుడి వల్ల ఏ ప్రమాదమూ లేదనుకున్నాడు కాబోలు. "పరీక్షలో పుస్తకంలో ఉన్నది వ్రాయి, ప్రార్థనలో పెద్దలు చెప్పేది విను, రెంటినీ కలిపి బుర్ర పాడు చేసుకోకు" అని పంపించివేశాను. వాడు తల ఊపి వెళ్ళాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. సమాధానం చెప్పకుండా తప్పించుకున్నానని నాకు అప్పుడే తెలుసు.

ఉద్యోగ విరమణ అయిన తరువాత తీరిక దొరికింది. డార్విను వ్రాసినవీ, ఆయనకు వచ్చినవీ వేలకొద్దీ ఉత్తరాలను కేంబ్రిడ్జి పండితులు దశాబ్దాల తరబడి పరిష్కరించి అంతర్జాలంలో అందరికీ ఉచితంగా ఉంచారు. తాళపత్ర గ్రంథాల పరిష్కరణ అంటే ఏమిటో కొంత తెలిసినవాణ్ణి గనుక మొదట ఆ పని మీది గౌరవంతోనే తెరిచాను. తెరిచాక అందులో ఒక మనిషి నన్ను పట్టి నిలిపాడు. ఆయన పేరు ఏసా గ్రే. నా విద్యార్థి అడిగిన ప్రశ్ననే అమెరికాలో కూర్చుని, డార్వినునే సూటిగా, ఏళ్ళ తరబడి అడిగినవాడు. ఆ కథను నాకు తెలిసినంతలో ఇక్కడ వ్రాస్తున్నాను.

గ్రే 1810లో న్యూయార్కు రాష్ట్రంలో ఒక పల్లెటూళ్ళో పుట్టాడు. వైద్యం చదివి, దానిని వదిలి, మొక్కల వెంట పడ్డాడు. 1842లో హార్వర్డులో ఆచార్యుడయ్యాడు. ఉత్తర అమెరికా మొక్కలకు సంబంధించినంతవరకు ఆయన మాటే ప్రమాణమన్న స్థితి వచ్చింది. మతవిషయంలో ఏ మాత్రం అటూ ఇటూ కానివాడు. నైసీయ విశ్వాస ప్రమాణాన్ని అక్షరాలా అంగీకరించిన సనాతన క్రైస్తవుడు, ఆదివారం తప్పక చర్చికి వెళ్ళే గృహస్థు. 1855 ఏప్రిల్లో ఆయనకు ఇంగ్లండు నుండి డార్విను ఉత్తరం వచ్చింది. అమెరికా కొండల మీది మొక్కల గురించి కొన్ని వివరాలు కావాలని ఎంతో వినయంగా అడిగిన ఉత్తరం. గ్రే ఓపికగా జవాబులిచ్చాడు. ఉత్తరాలు పెరిగాయి.

1857 సెప్టెంబరు 5న డార్విను ఒక సాహసం చేశాడు. ఇరవై ఏళ్ళుగా ఇద్దరు ముగ్గురు ఆప్తులకు తప్ప చెప్పని తన సిద్ధాంతాన్ని సంగ్రహంగా వ్రాసి గ్రేకు పంపాడు. మరుసటి సంవత్సరం మలయా ద్వీపాల నుండి వాలెస్ అదే ఆలోచనతో వ్యాసం పంపినప్పుడు, డార్విను దానిని ముందే ఆలోచించాడనడానికి సాక్ష్యంగా నిలిచిన పత్రాలలో ఈ ఉత్తరం ఒకటి. 1858 జులై 1న లండను లిన్నేయన్ సొసైటీలో వాలెస్ వ్యాసంతో పాటు దీనిని కూడా చదివారు. అంటే పరిణామ సిద్ధాంతం లోకానికి తొలిసారి వినిపించిన రోజున చదివిన పత్రాలలో ఒకటి ఒక క్రైస్తవ భక్తునికి వ్రాసిన ఉత్తరం! ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలలో నాకెక్కడా కనిపించలేదు.

గ్రే ఊరికే నమ్మేరకం కాదు. ఆయనకు తన సొంత చిక్కు ఒకటి ఉన్నది. జపాను నుండి వచ్చిన మొక్కల నమూనాలు చూస్తూ ఉంటే, వాటి దగ్గరి బంధువులు అమెరికాలో పసిఫిక్ తీరాన కాక, ఖండానికి ఆవలి అంచున, తూర్పు రాష్ట్రాలలో కనబడుతున్నాయి. మాగ్నోలియాలు అటువంటివే. అన్నదమ్ములు భూగోళానికి చెరొక వైపున ఎలా స్థిరపడ్డారు? ఒకప్పుడు ఉత్తర ప్రాంతమంతటా వ్యాపించి ఉన్న ఒకే వృక్షసంపద, మంచుయుగం రాగా దక్షిణానికి జరిగి, నడుమ తెగిపోయి, రెండుచోట్ల మిగిలిందని గ్రే 1859 ఆరంభంలో వాదించాడు. మూలం ఒకటే, కాలం గడిచేకొద్దీ భేదాలు వచ్చాయి.

ఈ మాట పడనివాడు గ్రే పక్కనే ఉన్నాడు. హార్వర్డులోనే సహోద్యోగి, లూయీ అగాసీ. స్విట్జర్లాండు నుండి వచ్చిన మహాపండితుడు, గొప్ప వక్త. ప్రతి జాతినీ దేవుడు అది ఇప్పుడున్న చోటనే, విడిగా, గుంపులుగా సృష్టించాడని ఆయన మతం. తమాషా ఏమంటే, గ్రే వాడుకున్న మంచుయుగపు ఆలోచనను లోకంలో నిలబెట్టినవారిలో ముఖ్యుడు ఈ అగాసీయే. ఆయన కత్తితోనే ఆయన కొమ్మను నరికినట్టయింది.

ఇక్కడ కొంచెం ఆగి చూడవలసిన విషయం ఉన్నది. పరిణామాన్ని తుదివరకు ఎదిరించిన అగాసీ, మనుషుల విషయంలో కూడా తన సిద్ధాంతాన్ని వదలలేదు. నల్లవారు, తెల్లవారు విడివిడిగా సృష్టింపబడ్డ వర్గాలన్నాడు. మనుషులందరూ ఆదాము సంతానమన్న బైబిలు మాటకు ఇది పూర్తిగా విరుద్ధం. అయినా బానిసలను పెట్టుకున్న దక్షిణాది దొరలకు ఈ వాదం ఎంతో ఇంపుగా ఉన్నది. గ్రే అయితే మనుషులందరిదీ ఒకే మూలమన్నాడు. బ్రెజిల్‌లో బానిసల మూలుగులు చెవులారా విన్న డార్విను కూడా అదే అన్నాడు. కాబట్టి ఆ రోజున, ఆ ఊళ్ళో, మనుషుల మూలం విషయంలో బైబిలుకు దగ్గరగా నిలిచినవాడు పరిణామవాదియే. విజ్ఞానం ఒకవైపు, విశ్వాసం ఒకవైపు బారులు తీరి నిలబడ్డ యుద్ధంగా ఈ చరిత్రను చిత్రించేవారు ఈ ఘట్టాన్ని ఎక్కడ పెడతారో నాకు తెలియదు.

1859 నవంబరు 24న "ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్" వెలువడింది. అమెరికాలో డార్వినుకు ముద్రాపకుణ్ణి కుదిర్చి, రాబడి వచ్చేటట్టు మాట్లాడింది గ్రేయే. 1860 మార్చిలో దీర్ఘమైన సమీక్ష వ్రాశాడు. ఆ ఏడాదే "అట్లాంటిక్ మంత్లీ" అనే మాసపత్రికలో పేరు లేకుండా మూడు వ్యాసాలు వ్రాశాడు. గురుత్వాకర్షణతో గ్రహాల నడకను వివరిస్తే దేవుడు పోలేదు, వాయుమేఘం నుండి సూర్యమండలం ఏర్పడిందంటే దేవుడు పోలేదు, మరి జాతులు క్రమంగా ఏర్పడ్డాయంటే మాత్రం ఎందుకు పోవాలి, అన్నది ఆయన వాదసారం. నా మాటలలో చెప్పాలంటే, తల్లి గర్భంలో పిండం తొమ్మిది నెలలు ఏ క్రమంలో పెరిగిందో వైద్యుడు పూసగుచ్చినట్టు చెబుతాడు. అదంతా విన్న తరువాత కూడా ఆ తల్లి, దేవుడిచ్చిన బిడ్డ అనే అంటుంది. ఆమె వైద్యుణ్ణి కాదనడం లేదు. ఆమె చెబుతున్నది వేరే ప్రశ్నకు జవాబు.

డార్విను ఆ వ్యాసాలు చూసి పొంగిపోయాడు. వాటిని చిన్న పుస్తకంగా వేయించడానికి తాను కూడా ఖర్చు పెట్టుకుని, తెలిసినవారికి పంచి, తన పుస్తకం మూడవ ముద్రణలో దానిని చదవమని సూచించాడు. అయితే తాను మాత్రం ఒప్పుకోలేదు. ఒప్పుకోలేనని గ్రేకే వ్రాశాడు. ఆ ఉత్తరాలే నన్ను కట్టిపడేసినవి.

1860 మే 22 నాటి ఉత్తరం వాటిలో ముఖ్యమైనది. నాస్తికునిగా వ్రాయాలని తనకు ఉద్దేశం లేదంటాడు. కాని లోకంలో దుఃఖం మరీ ఎక్కువగా కనబడుతున్నదంటాడు. ఇక్న్యూమన్ అనే జాతి కందిరీగలు గొంగళిపురుగు శరీరంలో గుడ్లు పెడతాయి. పిల్లలు ఆ పురుగును బ్రతికి ఉండగానే లోపలి నుండి తింటూ పెరుగుతాయి. దయామయుడైన సర్వశక్తిమంతుడు దీనిని కావాలని సృష్టించాడని నన్ను నేను నమ్మించుకోలేను అంటాడు డార్విను. ఎలుకతో ఆడుకునే పిల్లిని కూడా చూపుతాడు. అలాగని ఈ అద్భుత విశ్వమంతా, విశేషించి మనిషి స్వభావం, గుడ్డి బలం వల్ల వచ్చినదనుకుని తృప్తిపడలేననీ ఆ ఉత్తరంలోనే ఒప్పుకుంటాడు. నియమాలు సంకల్పితమై, వివరాలు యాదృచ్ఛికానికి విడిచి ఉంటాయేమో అంటాడు. ఆ ఊహ కూడా తృప్తినివ్వలేదంటాడు. చివరికి ఇది మనిషి బుద్ధికి మించిన విషయం, కుక్క కూర్చుని న్యూటను మనసు గురించి ఊహించినట్టు ఉంటుందని చేతులెత్తేస్తాడు. జులైలో మరొక ఉత్తరం: ఒక వానకోవెల ఒక దోమను పట్టుకుంటుంది. ఆ పక్షే, ఆ దోమనే, ఆ క్షణాననే పట్టాలని దేవుడు నిర్ణయించాడని మీరు నమ్ముతారా? నమ్మకపోతే, చెట్టు కింద నిలబడ్డ మంచివాడు పిడుగుపడి చనిపోతే ఆ మాట ఎలా అనగలరు?

గమనించండి, ఇందులో ఎక్కడా ఆరు దినాల సృష్టి ప్రసక్తి లేదు. భూమి వయసు ప్రసక్తి లేదు. నా విద్యార్థికి అడ్డం వచ్చినది ఆదికాండం. డార్వినుకు అడ్డం వచ్చినది బాధ. అంతకు తొమ్మిదేళ్ళ క్రితం, 1851 ఏప్రిల్ 23న, ఆయన పదేళ్ళ కూతురు ఆనీ మాల్వర్న్ అనే ఊళ్ళో జ్వరంతో చనిపోయింది. ఆయన ఆ మంచం పక్కనే ఉన్నాడు. గ్రేకు వ్రాసిన ఆ ఉత్తరంలో ఆ బిడ్డ పేరు లేదు. కాని కందిరీగ గురించి చదువుతున్నప్పుడు నాకు ఆ మంచమే కనబడింది. ఇది నా ఊహే, ప్రమాణం కాదు. యోబు గ్రంథం చదివినవారికి ఈ ప్రశ్న డార్వినుతో పుట్టలేదని వేరుగా చెప్పనక్కరలేదు.

గ్రే దీనికి ఏమన్నాడు? ఇక్కడ ఆయన ఒక పొరపాటు చేశాడని నా అభిప్రాయం. ప్రకృతి వరణం పనిచేయాలంటే ముందు జీవులలో చిన్న చిన్న వైవిధ్యాలు పుట్టాలి. అవి ఎందుకు పుడతాయో ఆనాడు ఎవరికీ తెలియదు. గ్రే ఆ తెలియనిచోట దేవుణ్ణి కూర్చోబెట్టాడు. వాలు వెంట పారే నీటిని రైతు కాలువలు తీసి పొలానికి మళ్ళించినట్టు, వైవిధ్యాలను కూడా మేలు కలిగే దారులలోకి దేవుడే నడిపించి ఉంటాడని వ్రాశాడు. పోలిక మనసుకు హత్తుకుంటుంది. కాని అది శాస్త్రం పరీక్షించగల మాట. పరీక్షలో నిలవకపోతే దానితో పాటు దేవుడూ ఓడినట్టే అవుతుంది.

డార్విను ఎనిమిదేళ్ళు ఆగి, 1868లో, పెంపుడు జంతువుల మీద వ్రాసిన రెండు సంపుటాల గ్రంథం చివర గ్రే పేరు చెప్పి మరీ జవాబిచ్చాడు. కొండచరియ నుండి రాలిపడ్డ రాళ్ళను ఏరి ఒక శిల్పి ఇల్లు కట్టాడనుకోండి. తలుపు మీదికి పొడుగు రాయి, తోరణానికి కోసు రాయి, కప్పుకు పలక రాయి ఏరుకున్నాడు. ప్రతి రాయి ఆకారానికీ కారణం ఉన్నది. రాతి పొరలు, వాన, ఎండ, భూమి కదలిక. అయినా ఈ శిల్పి ఇల్లు కట్టుకోవడం కోసమే ఆ రాళ్ళు ఆ ఆకారంలో పగిలాయని అనగలమా? పావురాలు పెంచేవాళ్ళు వేడుక కోసం తోక విప్పారే పావురాన్ని తయారుచేశారు. మనుషులు క్రూరమైన వినోదం కోసం ఎద్దుల మీదికి ఉసిగొల్పే కుక్కను తయారుచేశారు. ఆ వైవిధ్యాలను కూడా దేవుడే నడిపించి ఇచ్చాడా? అక్కడ లేదంటే ఇక్కడ ఉన్నదని ఎలా అంటాం? మనం ఎంత కోరుకున్నా గ్రేగారి నమ్మకాన్ని అనుసరించలేకపోతున్నామని ముగించాడు.

పదమూడేళ్ళ స్నేహితుడు లోకమంతా చదివే గ్రంథంలో పేరు పెట్టి ఖండించాడు. మన పండితలోకంలో ఇంతకంటె చిన్నవాటికి ఆజన్మ వైరాలు వచ్చాయి. శతావధానాలలో ఒక్క పదం దగ్గర వచ్చిన పేచీలు నేనెరుగుదును. గ్రే ఏమి చేశాడు? ఆ మే నెలలో డార్వినుకు ఉత్తరం వ్రాస్తూ, నీ రాళ్ళ ఇంటి వాదానికి సారాంశంలో జవాబు లేదని ఒప్పుకున్నాడు. సృష్టిలో సంకల్పమున్నదన్న భావం చివరకు చాలావరకు విశ్వాసం మీదనే నిలవాలి అన్నాడు. అందుకే నీ వాదంలో ఒక బలహీనమైన చోటు వెతికి, నా చిన్న తుపాకి ఒకసారి పేల్చి, ఆ పొగలో పారిపోయానని హాస్యమాడాడు. కొద్ది నెలలకే భార్యతో కలిసి ఇంగ్లండు వెళ్ళి డార్విను ఇంట అతిథిగా ఉన్నాడు.

ఆ వాక్యం దగ్గర నాకు మా తర్కపాఠాలు గుర్తుకు వచ్చాయి. కుండ కార్యం, దానికి కుమ్మరి కర్త. అలాగే జగత్తు కార్యం, దానికి ఈశ్వరుడు కర్త అని నైయాయికులు అనుమాన ప్రమాణంతో సాధిస్తారు. ఉదయనాచార్యుల "న్యాయకుసుమాంజలి" ఆ వాదానికి శిఖరం. దీనిని నాస్తికులే కాదు, పరమ భక్తుడైన రామానుజాచార్యులు కూడా శ్రీభాష్యంలో ఖండించారు. కుండను చూసి కుమ్మరిని ఊహించినట్టు కొండను చూసి ఈశ్వరుణ్ణి ఊహించలేము, ఆయన శాస్త్రం వల్లనే తెలియబడతాడు అన్నది ఆచార్యుల నిర్ణయం. అనుమానాన్ని తోసిపుచ్చినందువల్ల ఆయన భక్తి వీసమెత్తు తగ్గలేదు. గ్రేకు రామానుజులు తెలిసే అవకాశం లేదు గాని, డార్విను దెబ్బకు ఆయన చేరిన చోటు దాదాపు అదే.

గ్రే తీసిన కాలువలు ఆ తరువాత ఎండిపోయాయి. 1943లో లూరియా, డెల్బ్రుక్ అనే ఇద్దరు బాక్టీరియా మీద చేసిన ప్రయోగంలో, వైరసును తట్టుకునే మార్పులు ఆ వైరసు ఎదురుకాక ముందే, అవసరంతో సంబంధం లేకుండా పుట్టి ఉంటున్నాయని తేలింది. కాని గ్రే మొదటి వాదం, అంటే ఎలా జరిగిందో తెలిసినంత మాత్రాన ఎవరి సంకల్పమన్న ప్రశ్న తీరిపోదన్నది, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అది దేవుడున్నాడని సాధించదు. లేడని సాధించడాన్ని మాత్రం అడ్డుకుంటుంది.

అన్ని చర్చిలూ గ్రే వెంట నడవలేదు. ప్రిన్స్‌టన్ వేదాంతి చార్లెస్ హాడ్జ్ 1874లో డార్వినిజమంటే ఏమిటన్న ప్రశ్ననే పేరుగా పెట్టి పుస్తకం వ్రాసి, సంకల్పాన్ని కాదనే సిద్ధాంతం గనుక అది నాస్తికత్వమేనని తేల్చాడు. అయితే గ్రే క్రైస్తవుడు కాడని మాత్రం ఆయన అనలేదు. గ్రే వ్యాసాలను "డార్వినియానా" పేరుతో 1876లో సంపుటంగా తేవడానికి ప్రోత్సహించిన ఫ్రెడరిక్ రైట్ అనే పాదిరీ, వయసు మీరాక తానే వెనక్కి నడిచి, పరిణామవాదుల మీద వ్యాసం వ్రాశాడు. 1925లో టెనెసీలో పరిణామం చెప్పినందుకు స్కోప్స్ అనే బడిపంతులును కోర్టుకు ఈడ్చారు. కేథలిక్కుల విషయంలో 1950లో పన్నెండవ పయస్ పోపు, ఆత్మ దేవుని ప్రత్యక్ష సృష్టి అన్న నియమం మీద, శరీర పరిణామాన్ని విచారించవచ్చునన్నాడు. 1996లో రెండవ జాన్ పాల్ ఇది వట్టి ఊహకంటె ఎక్కువేనన్నాడు. 2005లో పెన్సిల్వేనియా డోవర్ పట్టణపు బడులలో "మేధావంతమైన రూపకల్పన" పేరుతో సృష్టివాదాన్ని చొప్పించబోతే, కోర్టులో దానికి ఎదురు నిలిచిన ముఖ్య సాక్షి కెనెత్ మిల్లర్ అనే జీవశాస్త్రజ్ఞుడు. ఆయన కేథలిక్కు.

1879లో ఒక పెద్దమనిషి డార్వినుకు నా విద్యార్థి ప్రశ్నవంటి ప్రశ్ననే వ్రాసి పంపాడు. డార్వినుకు అప్పటికి డెబ్బై ఏళ్ళు. ఒక మనిషి గాఢమైన ఆస్తికుడూ, పరిణామవాదీ కూడా కావచ్చుననడానికి సందేహించడమే అసంగతమని జవాబిచ్చాడు. నిదర్శనంగా గ్రే పేరు చెప్పాడు. తన సంగతి అడిగితే, దేవుడు లేడనే నాస్తికుణ్ణి ఎన్నడూ కాననీ, తెలియదనేవాడినంటే సరిపోతుందనీ అన్నాడు. తాను చేరలేని చోట స్నేహితుడు నిలిచి ఉన్నాడని అంత నిర్మొహమాటంగా సాక్ష్యం పలికినవాణ్ణి నేను ఎక్కువగా చూడలేదు.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ వారు పదవ తరగతి పుస్తకం నుండి పరిణామ భాగాన్ని తీసివేశారని పత్రికలలో చదివినప్పుడు నాకు మా పిల్లవాడే గుర్తుకు వచ్చాడు. పాఠమే లేకపోతే ప్రశ్నా ఉండదు, నాలాంటి పంతులుకు తప్పించుకునే శ్రమా ఉండదు. వాడిప్పుడు ఎక్కడ ఉన్నాడో, ఆ రెంటిలో దేనిని అబద్ధమనుకుని పెరిగాడో తెలియదు. రెంటినీ కలపకు అన్నాను నేను. గ్రే ఇరవై ఏడేళ్ళ పాటు, డార్విను 1882లో కన్నుమూసేవరకు, ఆ రెంటినీ ఒకే బల్ల మీద పెట్టుకుని ఆయనకు ఉత్తరాలు వ్రాశాడు. 1877లో పూల రూపభేదాల మీద డార్విను వెలువరించిన పుస్తకానికి అంకిత పత్రం ఉన్నది. కృతిభర్త హార్వర్డు ఆచార్యుడు ఏసా గ్రే.